సియాటిల్‌లో ఆసియా పండుగలను ఏడాది పొడవునా చూడటం ఎలా?

సియాటిల్‌కు చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన తెలుగువారికి, పిల్లలను చూడటానికి కొన్ని నెలల కోసం వచ్చే తల్లిదండ్రులకు ఈ నగరంలో ఆసియా పండుగలకు కొరత లేదు. వియత్నామీయుల కొత్త సంవత్సరం టెట్‌తో ఏడాది మొదలవుతుంది, లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ జనం కొత్త సంవత్సరంతో నవంబరులో ముగింపుకు వస్తుంది. మధ్యలో జపనీయులు, ఫిలిప్పీన్స్ వారు, చైనీయులు, టిబెటన్లు, భారతీయులు ఒకరి తర్వాత ఒకరు వేదిక ఎక్కుతారు. అయితే చాలామంది ఈ పండుగలకు ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లి, వరుసలో నిలబడి ఏదో ఒకటి తిని, నాలుగు ఫొటోలు తీసుకొని ఇంటికి వచ్చేస్తారు. ఆ పండుగను ఈ నగరంలో నిలబెట్టుకోవడానికి ఎవరు ఎంత కష్టపడ్డారో తెలియకుండా చూస్తే మిగిలేది అంతే. అందుకే ఈ వ్యాసం పండుగతో కాకుండా పండుగ పుట్టిన పేటతో మొదలవుతుంది.

మొదటి పని: పండుగ లేని రోజున చైనాటౌన్–ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లండి

ఏ హడావుడీ లేని ఒక మామూలు రోజును ఇందుకు కేటాయించండి. మంగళవారం మాత్రం వద్దు, ఎందుకంటే ఆ రోజు వింగ్ లూక్ మ్యూజియానికి సెలవు. లింక్ రైలులో ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్–చైనాటౌన్ స్టేషన్‌లో దిగి బయటికి వస్తే ఎదురుగానే, ఐదో అవెన్యూ కింగ్ వీధిని కలిసే చోట, 2008లో నెలకొల్పిన చైనాటౌన్ ద్వారం కనిపిస్తుంది. దాని కింది నుంచి కింగ్ వీధి వెంట తూర్పుగా నడవండి. మేనార్డ్ అవెన్యూ మూలన ఉన్న హింగ్ హే పార్కులోని ఎర్రటి మంటపం 1975లో తైపే నగరం ఇచ్చిన కానుక. ఎండ కాసే రోజుల్లో ఇక్కడ పెద్దవాళ్లు చైనా చదరంగం ఆడుతూ కనిపిస్తారు. మీ అమ్మానాన్నలు వెంట ఉంటే వారిని కాసేపు ఇక్కడ కూర్చోబెట్టండి. భాష తెలియకపోయినా ఆట దగ్గర కూర్చున్న పెద్దల మధ్య పరాయితనం ఎక్కువసేపు నిలవదు.

అక్కడి నుంచి రెండు నిమిషాల నడకలో వింగ్ లూక్ మ్యూజియం ఉంది. చైనాలో పుట్టి, చిన్నతనంలోనే సియాటిల్‌కు వచ్చిన వింగ్ లూక్ 1962లో నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. అమెరికా వాయవ్య ప్రాంతంలో ఎన్నికల్లో గెలిచి పదవిలోకి వచ్చిన మొదటి ఆసియా అమెరికన్ ఆయనే. జాతి పేరుతో ఇల్లు అద్దెకివ్వడానికి, అమ్మడానికి నిరాకరించే పద్ధతికి వ్యతిరేకంగా ఆయన గట్టిగా పోరాడారు. 1965లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన పేరుతో 1967లో ప్రారంభమైన ఈ మ్యూజియం 2008 నుంచి ఈస్ట్ కాంగ్ ఇక్ భవనంలో నడుస్తోంది. ఆ భవనాన్ని 1910లో 170 మంది చైనా వలసదారులు డబ్బు పోగుచేసుకొని కట్టుకున్నారు.

మ్యూజియంలో గదులు గదులుగా ప్రదర్శనలు ఉన్నా, మీరు తప్పనిసరిగా తీసుకోవలసింది పాత హోటల్ గదులను చూపించే గైడెడ్ టూర్. రైలు మార్గాల్లో, అలాస్కా చేపల క్యానరీలలో పనిచేసిన ఒంటరి మగవాళ్లు తలదాచుకున్న చిన్న చిన్న గదులు అక్కడ అలాగే ఉన్నాయి. మంచం వేస్తే నడవడానికి అంతంత మాత్రం చోటు మిగిలే ఆ గదుల్లో నిలబడినప్పుడు, ఈ వలస మొదట్లో కుటుంబాలతో జరిగింది కాదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కింద ఇక్ ఫంగ్ అనే పాత దుకాణాన్ని కూడా అరలతో, గల్లాపెట్టెతో సహా భద్రపరిచారు. ఊరికి డబ్బు పంపాలన్నా, ఉత్తరం అందుకోవాలన్నా, ఓడ టిక్కెట్టు కొనాలన్నా అప్పటి వలసదారులకు ఇలాంటి దుకాణాలే దిక్కు. టూర్ వేళలు ముందుగా చూసుకొని వెళ్లండి. సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉన్నవారు మ్యూజియం పాస్‌ను లైబ్రరీ ద్వారా ముందే ఉచితంగా బుక్ చేసుకోవచ్చు.

తర్వాత ఉత్తరంగా మెయిన్ వీధి వైపు ఎక్కండి. ఇది ఒకప్పటి జపనీయుల పేట. ఆరో అవెన్యూ మూలన ఉన్న పనామా హోటల్‌ను 1910లో సబ్రో ఒజాసా అనే జపనీయ వాస్తుశిల్పి రూపకల్పనతో కట్టారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీచేసిన 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వు తర్వాత పశ్చిమ తీరంలోని జపనీయులందరినీ, అమెరికా పౌరులతో సహా, ఇళ్ల నుంచి ఖాళీ చేయించారు. సియాటిల్ వారిని ముందు ప్యూయలప్‌లోని సంత మైదానానికి, అక్కడి నుంచి ఐడహోలోని మినిడోకా శిబిరానికి తరలించారు. చేత పట్టుకోగలిగినంత సామానే వెంట తీసుకెళ్లనిచ్చారు గనుక కొందరు తమ పెట్టెలను ఈ హోటల్ నేలమాళిగలో దాచి వెళ్లారు. వాటిలో కొన్నింటి కోసం ఎవరూ తిరిగి రాలేదు. కింది అంతస్తులోని టీ గది నేలకు ఒకచోట అద్దం బిగించారు. అందులోంచి తొంగి చూస్తే ఆ పెట్టెలు, సామాన్లు ఇప్పటికీ కనిపిస్తాయి. టీ గది తెరిచి ఉండే వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు కనుక్కోండి.

ఓపిక ఉంటే ఇంకాస్త పైకి ఎక్కి కోబె టెర్రేస్ పార్కును, దాన్ని ఆనుకొని ఉన్న డానీ వూ తోటను చూడండి. పేటలోని వృద్ధులు మెట్లు మెట్లుగా ఉన్న ఆ మళ్లలో తమ ఊళ్ల కూరగాయలు పండించుకుంటారు. తోటకు దగ్గరలోనే ఐ–5 రహదారి ఉంది. 1960లలో వేసిన ఆ రహదారి ఈ పేటను రెండుగా చీల్చింది. ఆ తర్వాత పక్కనే కింగ్‌డోమ్ స్టేడియం కట్టబోతున్నప్పుడు 1972లో పేట యువకులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. స్టేడియం ఆగలేదు గానీ, ఆ ఉద్యమం నుంచే పేదలకు ఇళ్లు, వృద్ధులకు వైద్యం అందించే సంస్థలు ఇక్కడ బలపడ్డాయి. 2023లో అమెరికాలో అత్యంత ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక ప్రదేశాల జాబితాలో ఈ పేట చేరింది. ఇక్కడ జరిగే ప్రతి పండుగ వెనుక ఈ పేట నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న ఉంది. అది తెలిసి వెళ్లడానికే ఈ మొదటి ప్రయాణం.

రెండో పని: తెలుగు పంచాంగం పక్కన పెట్టుకొని తేదీలు గుర్తించుకోండి

ఆసియా పండుగల తేదీలు ఏటా మారుతున్నాయని ఇక్కడివారు తికమక పడతారు గానీ, ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉన్నవారికి ఆ ఇబ్బంది అక్కర్లేదు. చైనా, కొరియా, వియత్నాం పండుగలు మన పండుగల్లాగే చంద్రుణ్ణి బట్టి వస్తాయి. చైనా కొత్త సంవత్సరం, వియత్నాం టెట్ జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య అమావాస్య నాడు వస్తాయి. అది మనకు సాధారణంగా పుష్య అమావాస్య, కొన్ని ఏళ్లలో మాఘ అమావాస్య. అధికమాసం వేసే లెక్క రెండు పంచాంగాల్లో వేరు కావడమే ఈ తేడాకు కారణం. చైనా పంచాంగంలో 2025లో అధికమాసం వస్తే మనకు 2026లో జ్యేష్ఠం అధికమైంది. అందుకే 2026లో వారి కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, మన మాఘ అమావాస్య నాడు, శివరాత్రి అయిన వెంటనే వచ్చింది. 2027లో అది ఫిబ్రవరి 6న, పుష్య అమావాస్యకు వస్తుంది.

అదే లెక్కన చైనీయుల శరత్ పౌర్ణమి పండుగ, కొరియా వారి చూసోక్ రెండూ ఒకే రోజు, మన భాద్రపద పౌర్ణమికి గానీ ఆశ్వయుజ పౌర్ణమికి గానీ అటూ ఇటూగా వస్తాయి. థాయ్, లావో, కంబోడియా వారి కొత్త సంవత్సరం మాత్రం సూర్యుణ్ణి బట్టి ఏప్రిల్ నడుమ వస్తుంది. సియాటిల్ చుట్టుపక్కల ఆయా దేశాల బౌద్ధాలయాల్లో దాన్ని జరుపుకుంటారు. ఆ రోజుల్లోనే సిక్కుల వైశాఖీ కూడా. దక్షిణాన ఉన్న కెంట్ నగరంలో సిక్కులు వసంతకాలంలో ఖాల్సా దినోత్సవాన్ని పెద్ద ఎత్తున చేస్తారు. జపాన్ 1873లోనే పాశ్చాత్య క్యాలెండరుకు మారిపోయింది కాబట్టి జపనీయుల పండుగలకు తిథులతో పని లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఇంట్లో, గుడిలో పండుగ తిథి నాడే జరుగుతుంది. వీధిలో, మైదానంలో జరిగే ఉత్సవం మాత్రం వారాంతం చూసుకొని, ఒక్కోసారి రెండు మూడు వారాల తర్వాత పెడతారు. కాబట్టి తిథిని బట్టి నెలను అంచనా వేసుకొని, అసలు తేదీని నిర్వాహకుల ప్రకటనలోనే సరిచూసుకోవాలి. నిరుటి తేదీని నమ్ముకొని బయలుదేరవద్దు.

మూడో పని: సియాటిల్ సెంటర్‌లో జరిగే ఫెస్టాల్ ఉత్సవాలతో మొదలుపెట్టండి

చిన్నపిల్లలున్నవారికి, మొదటిసారి వెళ్లేవారికి అన్నిటికంటే సులువైనది ఇదే. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన సియాటిల్ సెంటర్ ప్రాంగణంలో ఫెస్టాల్ అనే పేరుతో ఏడాదికి ఇరవైకి పైగా సాంస్కృతిక ఉత్సవాలు జరుగుతాయి. ప్రవేశం ఉచితం. వాటిలో ఆసియాకు చెందినవి ఇంచుమించు ఈ వరుసలో వస్తాయి: చలికాలంలో టెట్, ఏప్రిల్‌లో జపనీయుల చెర్రీ పూల ఉత్సవం, మే నెలలో ఆసియా–పసిఫిక్ వారసత్వ మాసం వేడుక, జూన్‌లో ఫిలిప్పీన్స్ వారి పగ్దిరివాంగ్, వేసవిలో టిబెట్ ఉత్సవం, అక్టోబరులో దీపావళి, నవంబరులో హ్మాంగ్ కొత్త సంవత్సరం.

అన్నిటికీ వెళ్లాలని పట్టుదల పెట్టుకోవద్దు. మొదటి ఏడాది మూడు చాలు, అందులో ఒకటి మీకు బొత్తిగా పరిచయం లేని సమాజానిదై ఉండాలి. నన్నడిగితే హ్మాంగ్ కొత్త సంవత్సరాన్ని ఎంచుకోమంటాను. వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ కొండల నుంచి చెదిరిపోయిన ఈ జనానికి సొంత దేశమంటూ లేదు. తమ కథను దారాలతో గుడ్డ మీద కుట్టిపెట్టుకున్నారు. ఆ కుట్టుపనిని దగ్గర నుంచి చూడండి. నీలిరంగు గుడ్డ మీద గోరంత మనుషులు మూటలతో నది దాటుతూ కనిపిస్తారు. అది మెకాంగ్ నది, ఆవలి ఒడ్డున ఉన్నది థాయ్‌లాండ్‌లోని శరణార్థి శిబిరం. పక్కన ఉన్న పెద్దావిడను అడిగితే ఏ బొమ్మ ఏమిటో చెబుతారు, లేదా మనవరాలి చేత చెప్పిస్తారు.

ఉత్సవానికి ఉదయం తెరిచే వేళకే చేరండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ప్రాంగణంలోని ఆర్మరీ భవనంలో కూర్చోవడానికి చోటు దొరకదు. వేదిక మీది కార్యక్రమాల పట్టికను ముందే చూసుకొని, చూడదలచుకున్న రెండు మూడు అంశాలను గుర్తుపెట్టుకోండి. మిగిలిన సమయాన్ని చేతిపనుల బల్లల దగ్గర గడపండి. కాగితపు మడతలు, కుంచెతో అక్షరాలు, లాంతర్ల తయారీ వంటివి పిల్లలకు నేర్పేది అక్కడే. విరామంలో ప్రాంగణాన్ని కూడా ఒకసారి చూడండి. బయటి వేదిక వెనుక గోడ నిండా మెరిసే గాజు మొజాయిక్ పాల్ హోరియూచి అనే జపనీయ అమెరికన్ చిత్రకారుడిది. పసిఫిక్ సైన్స్ సెంటర్ తెల్లటి కమానులను రూపొందించిన మినోరు యమసాకి 1912లో ఈ ఊళ్లోనే పుట్టారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల రూపశిల్పి కూడా ఆయనే.

నాలుగో పని: చాంద్రమాన సంవత్సరాది వీధి ఉత్సవానికి సిద్ధమై వెళ్లండి

చైనాటౌన్ వీధి ఉత్సవం ఇరుకుగా, గోలగా ఉంటుంది, అందం కూడా అందులోనే ఉంది. హింగ్ హే పార్కు చుట్టూ వీధులు మూసి వేదిక కడతారు. పేటలోని అనేక హోటళ్లు ఆ రోజు కొద్ది డాలర్లకే చిన్న చిన్న వంటకాలు అమ్ముతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సన్నటి జల్లు తప్పదు. ఆ రద్దీలో గొడుగు పక్కవారి కంట్లో గుచ్చుకుంటుంది కాబట్టి టోపీ ఉన్న రెయిన్ జాకెట్ వేసుకోండి. పసిపిల్లలు ఉంటే చెవులకు మూసే మఫ్‌లు తప్పనిసరి, ఎందుకంటే పెద్ద డోళ్లు, తాళాలు, టపాసులు అన్నీ పదడుగుల దూరంలోనే మోగుతాయి.

సింహనృత్యాన్ని వేదిక దగ్గర కంటే దుకాణాల ముందు చూడటం మేలు. దుకాణదారు గుమ్మం మీద ఒక లెట్యూస్ ఆకుకూర కట్టను, దానితో పాటు డబ్బు పెట్టిన ఎర్ర కవరును వేలాడదీస్తాడు. సింహం మొదట భయపడినట్టు వెనక్కి తగ్గుతుంది, వాసన చూస్తుంది, కాలితో తడుతుంది. డోలు వేగం పెరిగాక ఒక్కసారిగా లేచి ఆ కట్టను నోట కరుచుకుంటుంది. లోపల ఉన్న ఇద్దరిలో ముందున్నవాడు వెనుకవాడి తొడల మీద నిలబడితేనే ఆ ఎత్తు అందుతుంది. డబ్బును ఉంచుకొని ఆకులను చించి జనం మీదికి విసురుతుంది. ఆ ఆకు మీద పడితే దులుపుకోవద్దు, అది శుభం. పిల్లల చేత సింహం నోట్లో చిన్న ఎర్ర కవరు పెట్టించాలనుకుంటే ఇంటి నుంచే కొత్త డాలరు నోటు పెట్టి తీసుకెళ్లండి. తెల్ల కవరు మాత్రం వాడకూడదు, అది చావు ఇంట ఇచ్చేది.

ఐదో పని: బోన్ ఒడోరికి చూపరిగా కాక ఆడేవారిగా వెళ్లండి

ఏడాదిలో ఒక్క ఉత్సవానికే తీరిక దొరుకుతుందంటే నేను చెప్పేది ఇదే. జులైలో ఒక వారాంతం, మెయిన్ వీధిలో పద్నాలుగో అవెన్యూ దగ్గర ఉన్న సియాటిల్ బెట్సుయిన్ బౌద్ధాలయం ముందు రోడ్డు మూసి బోన్ ఒడోరి అనే ఈ జపనీయుల వలయ నాట్యం చేస్తారు. 1932 నుంచి వస్తున్న సంప్రదాయం ఇది. 1942లో ఆడవలసిన వారందరినీ శిబిరాలకు తరలించడంతో ఆగి, వారు తిరిగి వచ్చాక మళ్లీ మొదలైంది. ఓబోన్ అంటే గతించిన పెద్దలను తలచుకునే సమయం. కానీ ఇక్కడ ఏడుపు ఉండదు. పెద్దల పట్ల కృతజ్ఞతను ఆడి పాడి చెప్పుకుంటారు. వీధి మధ్యలో కట్టిన మంచె మీద డోలు మోగుతుంటే, దాని చుట్టూ వలయాలు వలయాలుగా వందల మంది ఒకే దిక్కుగా కదులుతారు. మన బతుకమ్మ ఆట తెలిసినవారికి ఇందులో వింత ఏమీ అనిపించదు. మధ్యలో ఉన్నది పూల గోపురం కాదు, డోలు మంచె, అంతే తేడా.

ఆడటానికి జపనీయులే కానక్కర్లేదు, కిమోనో అక్కర్లేదు, టిక్కెట్టు లేదు. పండుగకు ముందు జులై మొదట్లో సాయంత్రాలు ఆలయం దగ్గర అందరికీ ఉచితంగా అభ్యాసం చేయిస్తారు. కనీసం ఒక్క సాయంత్రం వెళ్లండి. ఏటా ఆడే పాటల్లో ఒకటి బొగ్గు గని కార్మికులది. దానిలో రెండు చేతులతో కుడివైపు తవ్వినట్టు, ఎడమవైపు తవ్వినట్టు చేసి, బొగ్గును భుజం మీదుగా వెనక్కి వేసి, నుదుటికి చేయి అడ్డం పెట్టి వెనక్కి చూసి, బండిని నెట్టి, చేతులు విప్పి చప్పట్లు కొట్టాలి. ఇది ఒక్కటి వస్తే చాలు, మిగిలినవి ముందున్నవారిని చూసి పట్టుకోవచ్చు. కొత్తవారు లోపలి వలయంలో కాకుండా బయటి వలయంలో, బాగా వచ్చిన ఒక పెద్దావిడ వెనుక నిలబడాలి. మడిచే విసనకర్ర, చిన్న తుండుగుడ్డ వెంట ఉంటే మంచిది, కొన్ని నాట్యాలకు అవే సాధనాలు. చీరలో గానీ లంగా ఓణీలో గానీ వెళ్లినా ఎవరూ కాదనరు, అయితే అడుగులు చిన్నవిగా వేయాలి కాబట్టి కుచ్చిళ్లు కాస్త ఎత్తుగా కట్టుకోవాలి.

రెండు మర్యాదలు పాటించండి. ఫోన్ పట్టుకొని వలయం మధ్యలోకి వెళ్లవద్దు, ఎందుకంటే ఒకరు ఆగితే వెనుక వరుస అంతా తడబడుతుంది. ఆలయం లోపల ప్రార్థన జరుగుతున్నప్పుడు ఫొటోలు తీయవద్దు.

శాకాహారులు తిండి విషయంలో ఏం అడగాలి?

"వెజిటేరియనా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటే సరిపోదు. మాంసం ముక్క లేకపోతే శాకాహారమేనని చాలా స్టాళ్లలో అనుకుంటారు. వియత్నాం, థాయ్ వంటల్లో ఫిష్ సాస్, చైనా కూరల్లో ఆయిస్టర్ సాస్, జపాన్ పులుసుల్లో ఎండు చేపలతో చేసిన దాషి కలుస్తాయి. ఈ మూడింటి పేర్లూ పెట్టి విడివిడిగా అడగండి. శరత్ పౌర్ణమికి అమ్మే మూన్‌కేక్‌లలో పంది కొవ్వు, ఉప్పు వేసిన గుడ్డు సొన ఉండటం పరిపాటి. టెట్‌కు చేసే బాన్ చుంగ్‌లో బియ్యం, పెసరపప్పు మధ్య పంది మాంసం పెట్టి ఆకులో చుట్టి ఉడికిస్తారు. దానికి శాకాహార రూపం కూడా ఉంది. వియత్నామీయుల దుకాణాల్లో "చాయ్" అనే మాట పక్కన ఉంటే అది బౌద్ధుల శాకాహారం, తేనీరు కాదు. పన్నెండో అవెన్యూ జాక్సన్ వీధిని కలిసే లిటిల్ సైగాన్ ప్రాంతంలో అలాంటివి దొరుకుతాయి. జపనీయుల స్వీట్లలో ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టిన మోచీలు సాధారణంగా ఏ ఇబ్బందీ లేనివి.

చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, అన్ని స్టాళ్లలోనూ కార్డు తీసుకోరు. తిరుగు ప్రయాణంలో ఉవాజిమాయాలో ఆగవచ్చు. 1928లో టకోమాలో ఫుజిమత్సు మొరిగుచి చేపల ముద్దలు బండిలో పెట్టి అమ్ముతూ మొదలుపెట్టిన వ్యాపారం ఇవాళ పెద్ద అంగడి. అయినా పండుగ రోజున కొంత డబ్బు పేటలోని చిన్న బేకరీల్లో, వందల రకాల టీ అమ్మే చిన్న కొట్లలో ఖర్చు పెట్టమని నా విన్నపం. ఉత్సవం అయిపోయాక కూడా ఆ పేట నిలబడేది వాళ్ల మీదే.

ప్రయాణం, పెద్దలు, పిల్లలు

కారులో వెళ్లవద్దు. పండుగ రోజున పార్కింగ్ వెతికే సమయంలో సగం కార్యక్రమం అయిపోతుంది. 2024 ఆగస్టు నుంచి లింక్ రైలు చార్జీ ఎంత దూరమైనా పెద్దలకు 3 డాలర్లే. 18 ఏళ్ల వరకు పిల్లలకు బస్సులు, రైళ్లు ఉచితం. 65 ఏళ్లు నిండిన తల్లిదండ్రులకు వయసు రుజువు చూపి తగ్గింపు ఓర్కా కార్డు (బస్సు, రైలు ప్రయాణాల కార్డు) తీయిస్తే 1 డాలరుతో సరిపోతుంది. సియాటిల్ సెంటర్‌కు వెస్ట్‌లేక్ స్టేషన్‌లో దిగి మోనోరైలు ఎక్కాలి. అది కూడా 1962 నాటిదే. బౌద్ధాలయానికి వెళ్లేవారు చైనాటౌన్‌లో ఫస్ట్ హిల్ ట్రామ్ ఎక్కి పద్నాలుగో అవెన్యూ–వాషింగ్టన్ వీధి స్టాపులో దిగితే ఒక్క వీధి నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను జాక్సన్ వీధి ఎత్తు మీదుగా నడిపించకండి, వారికోసమైనా ట్రామ్ ఎక్కండి. మడత కుర్చీ ఒకటి వెంట ఉంచుకోండి. మరుగుదొడ్డి ఎక్కడుందో చేరగానే చూసి పెట్టుకోండి.

రద్దీ నచ్చనివారికి

మార్చి మూడో వారం ప్రాంతంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం క్వాడ్ ఆవరణలో 29 యోషినో చెర్రీ చెట్లు ఒకేసారి పూస్తాయి. వారాంతంలో కాకుండా పనిరోజు పొద్దున్నే ఎనిమిదింటికి ముందు వెళ్లండి. ఆర్బొరీటమ్‌లోని జపాన్ తోటను 1960లో జుకి ఈడా రూపొందించారు. చలికాలంలో దాన్ని మూసివేస్తారు. మిగతా రోజుల్లో అక్కడి టీ కుటీరంలో జరిగే తేనీటి క్రతువుకు ముందుగా పేరు నమోదు చేసుకోండి. వాలంటీర్ పార్కులో 1933 నాటి భవనంలో ఉన్న ఆసియా కళా మ్యూజియంలో భారతీయ శిల్పాలూ ఉన్నాయి. దాని పక్క శ్మశానవాటికలోనే బ్రూస్ లీ సమాధి ఉంది. శరదృతువులో తస్వీర్ సంస్థ నడిపే దక్షిణాసియా చలనచిత్రోత్సవానికి ఒక సాయంత్రం కేటాయించండి. 2002లో సియాటిల్‌లోనే మొదలైన సంస్థ అది.

పండుగ కాకపోయినా ఫిబ్రవరి 19న జరిగే స్మరణ దినాన్ని క్యాలెండరులో తప్పక రాసుకోండి. జపనీయ అమెరికన్ల నిర్బంధాన్ని గుర్తుచేసుకునే ఈ దినాన్ని మొదటిసారి 1978లో ప్యూయలప్ మైదానంలోనే జరిపారు. బెయిన్‌బ్రిడ్జ్ దీవిలోని స్మారకం దగ్గరికి ఫెర్రీలో వెళ్లి చూడవచ్చు. 9066వ ఉత్తర్వు కింద 1942 మార్చి 30న అందరికంటే ముందు బలవంతంగా శిబిరానికి తరలించిన జపనీయులు ఆ దీవి వారే. వలస వచ్చి, పన్నులు కట్టి, పిల్లల్ని ఇక్కడే కని పెంచుకుంటున్న మనకు ఈ చరిత్ర పరాయిది కాదు.

రెండో ఏడాది నుంచి చేయవలసింది

ఒక ఏడాది చూశాక స్వచ్ఛంద సేవకు పేరివ్వండి. ఉత్సవాలన్నీ సేవకుల మీదే నడుస్తాయి, బల్లలు వేయడానికి, చెత్త వేరుచేయడానికి, దారి చూపడానికి ఎప్పుడూ మనుషులు తక్కువే. హైస్కూలు పిల్లలకు బడిలో చూపవలసిన సేవా గంటలు కూడా ఇందులో కలిసి వస్తాయి. అక్టోబరు దీపావళి ఉత్సవంలో నాట్య బృందంగా పాల్గొనాలంటే కొన్ని నెలల ముందే నిర్వాహకులను సంప్రదించాలి. సియాటిల్‌కు తూర్పున ఉన్న ఈస్ట్‌సైడ్‌లోని తెలుగు సంఘాలు ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ఘనంగా చేస్తున్నాయి. కానీ ఆ సభల్లో మనవాళ్లు తప్ప బయటివారు అరుదు. మీతో బోన్ ఒడోరి అభ్యాసంలో పక్కన నిలబడి అడుగు నేర్పిన ఆవిడను, టెట్ నాడు స్టాలులో పరిచయమైన కుటుంబాన్ని వచ్చే బతుకమ్మకు పిలవండి. పిలిచేటప్పుడు తేదీ, చోటు, పార్కింగ్ వివరాలు రాసి ఇవ్వండి. వచ్చాక వారిని కుర్చీలో కూర్చోబెట్టి వదిలేయకుండా వరుసలోకి తీసుకెళ్లి, చప్పట్లు ఎక్కడ కొట్టాలో నేర్పండి.